ఆకాశంలో పొత్తు, నీళ్లలో పేచీ

2017 మే 5వ తేదీ, సాయంత్రం 4 గంటల 57 నిమిషాలు. శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్‌09 రాకెట్ నిప్పులు చిమ్ముతూ లేచింది. పులికాట్ సరస్సుకు ఇవతల సూళ్లూరుపేట మేడల మీద నిలబడ్డవాళ్లకు ముందు వెలుగు కనిపిస్తుంది. మోత చెవిన పడేది ఆ తర్వాతే. ఆ తీరంలో పిల్లలకు కూడా అలవాటైన సంగతే అది. ఆ రోజు రాకెట్ మోసుకెళ్లింది మాత్రం కొత్త రకం సరుకు. 2,230 కిలోల బరువున్న ఆ ఉపగ్రహం పేరు దక్షిణాసియా ఉపగ్రహం. ఇరుగుపొరుగు దేశాలు వాడుకోవడానికని భారతదేశం తన ఖర్చుతో కట్టి, తన నేల మీద నుంచి పంపిన కానుక.

ప్రయోగం అయిన కాసేపటికి ఏడు దేశాల నేతలు ఒకే తెర మీదకు వచ్చారు. మన ప్రధాని నరేంద్ర మోదీతోపాటు అఫ్గానిస్తాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ, బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, భూటాన్ ప్రధాని త్షెరింగ్ తోబ్గే, మాల్దీవుల అధ్యక్షుడు అబ్దుల్లా యమీన్, నేపాల్ ప్రధాని ప్రచండ, శ్రీలంక అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన ఎవరి రాజధానిలో వాళ్లు కూర్చుని మాట్లాడారు. ఈ ఆలోచన పుట్టిందీ శ్రీహరికోటలోనే. 2014 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ23 ప్రయోగం చూడడానికి వచ్చిన మోదీ, సార్క్ దేశాలన్నిటికీ పనికొచ్చే ఉపగ్రహం తయారు చేయండని శాస్త్రవేత్తలను అడిగారు. అదే ఏడాది నవంబరులో కాఠ్మండూ సార్క్ సమావేశంలో ఆ మాట అందరి ముందూ పెట్టారు. పాకిస్తాన్ తప్పుకుంది. దాంతో సార్క్ ఉపగ్రహం కాస్తా దక్షిణాసియా ఉపగ్రహంగా పేరు మార్చుకుంది. అప్పటికి శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది.

కానుక ఇచ్చినంత మాత్రాన పొరుగు చక్కబడిపోతుందా అంటే, అలా ఏమీ జరగలేదు. ఏడాది తిరిగేసరికి, 2018 మేలో, బంగ్లాదేశ్ అమెరికాలోని స్పేస్‌ఎక్స్ రాకెట్ మీద సొంత ఉపగ్రహం బంగబంధు-1 పంపుకొంది. భూటాన్ దారి వేరు. థింఫూలో మన ఉపగ్రహం కోసం భూకేంద్రం కట్టించుకుని 2019లో తెరిచింది. ఆ తర్వాత 2022 నవంబరులో రెండు దేశాల ఇంజనీర్లు కలిసి పనిచేసిన చిన్న ఉపగ్రహం మళ్లీ శ్రీహరికోట నుంచే పైకి వెళ్లింది. కొండకోనల్లో ఉండే ఏడెనిమిది లక్షల జనాభా దేశానికి మన సముద్రపు ఒడ్డు ఆకాశానికి మెట్టయింది. ఎంత చిన్నదైనా అది పొరుగుతనమే.

2017లో ఆ రాకెట్ లేచిన సాయంత్రం, అక్కడికి ఉత్తరాన మైపాడు, కృష్ణపట్నం, ఇస్కపల్లి పాలేల్లో మర పడవలు ఒడ్డునే ఉన్నాయి. రాకెట్ ప్రయోగం రోజుల్లో సముద్రంలోకి వెళ్లొద్దని హెచ్చరిక ఎటూ ఉంటుంది. కానీ పడవలు ఆగింది అందుకు కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. తూర్పు తీరం పొడవునా, పశ్చిమ బెంగాల్ నుంచి తమిళనాడు దాకా, ఆ 61 రోజులు ఒకే నియమం. చేప గుడ్డు పెట్టి పిల్ల చేసుకునే కాలం కాబట్టి వల ఎత్తి పెట్టాలి. దక్షిణాసియా అనే పెద్ద మాటను నెల్లూరు తీరం కళ్లతో చూడాలంటే, రాకెట్ కన్నా ఈ ఒడ్డున బోర్లించిన పడవల దగ్గర నిలబడి చూడడం మేలు.

ముందు తుపాన్ల సంగతి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన తుపాను పేరు మిచౌంగ్. మన పత్రికల్లో మిగ్‌జాం అని రాశారు. దాటింది బాపట్ల దగ్గరైనా వానలకు ముందు తడిసి ముద్దయింది నెల్లూరు, తిరుపతి జిల్లాలు. ఆ పేరు పెట్టింది మయన్మార్. అంతకు మూడేళ్ల ముందు 2020 నవంబరులో పుదుచ్చేరి దగ్గర తీరం తాకి నెల్లూరు మీద కుండపోత కురిపించిన నివర్ పేరు ఇరాన్ ఇచ్చింది. 2010 మేలో వచ్చిన లైలా పేరు పాకిస్తాన్‌ది. 2025 అక్టోబరు మోంథా పేరు థాయ్‌లాండ్‌ది. ఇళ్లు కూలి, చీనీ చెట్లు విరిగి, రొయ్యల గుంటలు కొట్టుకుపోయిన రోజున ఆ పేరు ఏ దేశందో ఎవరికీ పట్టదు. అయినా ఆ పేర్ల వెనకున్న ఏర్పాటు తెలుసుకోదగింది.

1970 నవంబరులో నేటి బంగ్లాదేశ్‌ను ముంచెత్తిన భోలా తుపానులో కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. హెచ్చరిక సరిగా అందకపోవడం అంత ప్రాణనష్టానికి ఒక కారణం. దాని తర్వాత, 1972లో ప్రపంచ వాతావరణ సంస్థ చొరవతో బంగాళాఖాతం, అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాలకు ఒక ఉమ్మడి తుపాను సంఘం ఏర్పడింది. 2004 నుంచి ఎనిమిది దేశాలు తలా కొన్ని పేర్లు ఇచ్చి, వంతులవారీగా వాడడం మొదలుపెట్టాయి. 2020 నాటికి సభ్యులు పదమూడయ్యారు. దేశానికి పదమూడు చొప్పున 169 పేర్ల కొత్త జాబితా తయారైంది. ఢిల్లీలోని మన వాతావరణ శాఖ ఈ దేశాలన్నిటికీ తుపాను హెచ్చరికలు పంపుతుంది. సరిహద్దులో తుపాకులు పేలుతున్న రోజుల్లో కూడా ఆ హెచ్చరిక కరాచీకి వెళ్తుంది. చర్చలు ఆగిపోవచ్చు, క్రికెట్ ఆగిపోవచ్చు, రైళ్లు ఆగిపోవచ్చు. వాయుగుండం కబురు మాత్రం ఆగదు.

సునామీ కూడా అంతే. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కంపించాక అలలు మన తూర్పు తీరం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో చెప్పేవాళ్లు లేక నెల్లూరు తీరంలోనూ ప్రాణాలు పోయాయి, పడవలు, వలలు పోయాయి. ఇప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం నడుపుతోంది. ఆస్ట్రేలియా, ఇండోనేసియా కేంద్రాలతో కలిసి హిందూ మహాసముద్రపు దేశాలకు కబురు అందిస్తోంది. చేపలు ఎక్కడ గుమికూడే అవకాశముందో మన జాలర్లకు రోజూ చెప్పేదీ ఆ సంస్థే.

గాలి, వాన, అల విషయంలో ఇన్ని దేశాలు ఇంత సాఫీగా కలిసి పనిచేస్తున్నాయి. అదే నీళ్లలో చేప దగ్గరికొచ్చేసరికి రెండు రాష్ట్రాల మధ్యే పొసగడం లేదు.

సోనా బోటు అనే మాట నెల్లూరు తీరంలో ఎవరినడిగినా తెలుసు. తమిళనాడు నుంచి, ముఖ్యంగా కడలూరు, నాగపట్నం, చెన్నై కాశిమేడు వైపు నుంచి వచ్చే పెద్ద మర పడవలను ఇక్కడ అలా అంటారు. బలమైన ఇంజన్లు, పెద్ద వలలు. వాటి పక్కన పాలెం పడవ ఎంత? ఫైబర్ పడవ, పది హార్స్‌పవర్ చుట్టుపక్కల ఇంజను, నలుగురైదుగురు మనుషులు. తెల్లవారుజామున మూడు గంటలకు బయల్దేరి, వల వేసి, పొద్దెక్కేసరికి ఒడ్డుకు రావాలి. కానాగంతలో, కవళ్లో, అదృష్టం బాగుంటే వంజరమో చందువానో. డీజిలు ఖర్చు పోను మిగిలింది పాళ్ల లెక్కన పంచుకోవాలి.

ఒక ఉదయం వల తెగి తిరిగొస్తే ఏమవుతుందో ఒడ్డున చూస్తే తెలుస్తుంది. నీలం రంగు నైలాను వలను ఇసుకలో పొడవుగా పరుస్తారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని కాలి బొటనవేలికి ఒక కొస తగిలించుకుని బిగదీస్తారు. చిరుగు పొడవెంత, ఎన్ని కళ్లు పోయాయి అని వేళ్లతోనే లెక్క. సూదికి దారం చుట్టుకుని కన్నుకు కన్ను ముడేసుకుంటూ పోతారు. పెద్ద పడవ ఈడ్చుకుపోయిన వలకు ఆ పని కూడా మిగలదు. అడుగు తాడు, గుండ్లు, తేలే బెండ్లు మొత్తం పోతాయి. వల పోయిందంటే వడ్డీకి తెచ్చిన డబ్బు పోయినట్టే. వల బాగయ్యేదాకా పడవ కదలదు. పడవ మీద బతికే నాలుగైదు ఇళ్లలో పొయ్యి మీద ప్రభావం ఆ రోజే మొదలవుతుంది.

అందుకే కోపం. సోనా బోట్లను వెంటాడి పట్టుకుని, ఒడ్డుకు తెచ్చి, అధికారులకు అప్పగించిన సందర్భాలు జువ్వలదిన్నె, ఇస్కపల్లి వైపు పలుమార్లు జరిగాయి. పోలీసులు వస్తారు, మత్స్యశాఖ వస్తుంది, జరిమానా పడుతుంది, పడవ వెళ్లిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

చట్టం ఏం చెబుతోంది? తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు చేపల వేట రాష్ట్ర ప్రభుత్వం చేతిలోది. రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్న అంశమది. అక్కడి నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు కేంద్రానిది. ఆంధ్రప్రదేశ్ 1994లో సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం చేసుకుంది. దాని ప్రకారం తీరానికి 8 కిలోమీటర్ల లోపల చిన్న పడవలు, సంప్రదాయ వేటగాళ్లే వేటాడాలి. మర పడవలు ఆ గీత అవతలే ఉండాలి. తమిళనాడుకు 1983 నుంచే వేరే చట్టం ఉంది. ఎవరి చట్టం వారికుంది, చేపకు మాత్రం ఒకే సముద్రం. పైగా చీకట్లో అలల మీద ఎనిమిదో కిలోమీటరు ఎక్కడుందో చూపించే రాయి ఏదీ ఉండదు. ఉమ్మడి నెల్లూరు జిల్లా తీరం 169 కిలోమీటర్లు. కాపలా పడవలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

వల రకం మరో చిక్కు. చేపల గుంపును చుట్టుముట్టి అడుగు బిగించి మొత్తంగా తోడేసే వలను తమిళంలో సురుక్కు మడి వల అంటారు. తమిళనాడు తన జలాల్లో 2000లోనే దాన్ని నిషేధించింది. పడవ యజమానులు కోర్టుకెక్కితే, 2023 జనవరిలో సుప్రీంకోర్టు 12 నాటికల్ మైళ్ల అవతల, వారానికి రెండు రోజులు, సోమవారం, గురువారం, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు వాడుకోవచ్చని తాత్కాలికంగా అనుమతించింది. ఒక ఒడ్డున కట్టడి బిగిస్తే ఆ వల మరో ఒడ్డు వైపు చూస్తుంది. ఇది ఎవరి దుర్బుద్ధీ కానక్కర్లేదు, అప్పు చేసి కొన్న పడవకు కిస్తీ కట్టాలిగా.

తమిళ జాలరి మాట కూడా వినాలి. అతనూ లక్షలు అప్పు తెచ్చే పడవ దింపాడు. తన తీరంలో చేప తగ్గింది. పన్నెండు మైళ్లు దాటితే అది భారతదేశపు సముద్రం, అక్కడ ఎవరైనా వేటాడవచ్చంటాడు. అందులో తప్పు లేదు. తప్పల్లా అక్కడ ఆగకపోవడంలో ఉంది.

ఇందులో మనసు కష్టపెట్టే సంగతి ఇంకొకటుంది. నెల్లూరు తీరపు పట్టపు జాలర్లకూ తమిళనాడు పట్టినవర్లకూ మూలం ఒకటే. ఇక్కడి చాలా పాలేల్లో ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు. నెల్లూరు చేప మంచు పెట్టెల్లో ఎక్కి వెళ్లేదీ చెన్నై మార్కెట్టుకే. నీళ్ల మీద ఎదురుపడి తిట్టుకునేవాళ్లు ఒకరి తిట్లు ఒకరికి అనువాదం లేకుండానే అర్థమయ్యేవాళ్లు.

ఇక్కడి నుంచి దక్షిణంగా పాక్ జలసంధికి వెళ్దాం. రామేశ్వరానికీ శ్రీలంక తలైమన్నారుకూ మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల చిల్లర. 1974 జూన్‌లో రెండు దేశాలూ అక్కడ సముద్ర సరిహద్దు గీసుకున్నాయి. 285 ఎకరాల కచ్చతీవు శ్రీలంక వైపు వెళ్లింది. 1976 మార్చిలో మన్నార్ సింధుశాఖ, బంగాళాఖాతాల్లోనూ గీత పూర్తిచేశారు. 1983లో శ్రీలంకలో యుద్ధం మొదలయ్యాక ఉత్తర తీరపు తమిళ జాలర్లను అక్కడి ప్రభుత్వం సముద్రంలోకి స్వేచ్ఛగా వెళ్లనివ్వలేదు. ఇరవై ఆరేళ్లు. ఆ కాలంలోనే ఇటు తమిళనాడులో ట్రాలర్లు పెరిగి, ఖాళీగా ఉన్న ఆ జలాలకు అలవాటు పడ్డాయి. 2009లో యుద్ధం ముగిసి జాఫ్నా జాలరి తన చిన్న పడవ నీళ్లలోకి తోస్తే, ఎదురుగా వందలాది ట్రాలర్లు. అడుగు గీకే వలలు. తెగిన చిన్న వలలు.

ఆ మనిషి ఫిర్యాదునూ ఇస్కపల్లి మనిషి ఫిర్యాదునూ పక్కపక్కన పెట్టి వినండి. “మా ఒడ్డు దగ్గరికొచ్చి, పెద్ద వలలతో ఊడ్చుకుపోయి, మా వలలు తెంపుతున్నారు.” ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. జాఫ్నా, రామేశ్వరం ఒకే భాష మాట్లాడతాయి. నెల్లూరు పాలెం, కడలూరు కూడా చాలావరకు అంతే. కాబట్టి పేచీకి మూలం భాషలోనో మతంలోనో వెతకడం దండగ. చిన్న వలకూ పెద్ద వలకూ మధ్య తగువు ఇది. తమిళనాడు జాలరి అరెస్టయితే ఇటు రాజకీయం అట్టుడుకుతుంది, అది సహజం. అతని ఇంట్లోవాళ్ల ఏడుపు నిజమైందే. కానీ అవతలి జాలరి ఎందుకు మొండికేస్తున్నాడో మన దేశంలో అందరికన్నా బాగా అర్థం చేసుకోగలిగింది నెల్లూరు తీరమే. ఆ మాట ఇక్కడి నుంచి గట్టిగా వినపడాలి.

శ్రీలంక 2017లో అడుగు గీకే వేటను చట్టంతో నిషేధించింది. అదే ఏడాది మన కేంద్ర ప్రభుత్వం పాక్ జలసంధి ట్రాలర్లను మానిపించి లోతు సముద్రపు ట్యూనా పడవలు ఇప్పించే పథకం తెచ్చింది. ఖర్చులో సగం కేంద్రం, ఐదో వంతు రాష్ట్రం భరిస్తామన్నాయి. రెండు వేల ట్రాలర్లు మారతాయనుకున్నారు. అందులో మారినవి కొద్దిపాటే. ఒక్కరోజు వేటకు అలవాటైన మనిషి వారాల తరబడి లోతు సముద్రంలో ఉండాలంటే కొత్త పడవ ఒక్కటే చాలదు. కొత్త నైపుణ్యం, కొత్త బేరగాడు, ఇంటిని విడిచి ఉండే ఓపిక కావాలి. దారి మంచిదే, నడిపించడంలో ఓర్పు చాలలేదు.

గీత దాటిన జాలరి గతి ఏమిటో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి కూలికి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర జాలర్లు 22 మందిని పాకిస్తాన్ పట్టుకుంది. పద్నాలుగు నెలలు కరాచీ జైలు. 2020 జనవరిలో వాఘా దగ్గర ఇరవై మందిని అప్పగించారు. భారత్, పాకిస్తాన్‌లు 2008లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు ఖైదీల, జాలర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎన్ని ఉద్రిక్తతలున్నా ఆ రెండు తేదీలు తప్పలేదు. ఒక తల్లికి కొడుకు బతికే ఉన్నాడని తెలిసేది ఆ కాగితం వల్లే.

ఇప్పుడు పడవల మీద ట్రాన్స్‌పాండర్లు వస్తున్నాయి. ఇస్రో సాంకేతికతతో తయారైన ఈ పరికరాలను ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దేశమంతా లక్ష పడవలకు ఉచితంగా బిగించే పని 2024 ఆగస్టులో మొదలైంది. తుపాను కబురు అందుతుంది, ఆపదలో ఉంటే ఒడ్డుకు సందేశం పంపవచ్చు, అంతర్జాతీయ సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిక వస్తుంది. దేశాల గీత దగ్గర మోగే గంట ఎనిమిదో కిలోమీటరు దగ్గర కూడా మోగేలా చేయడం సాధ్యమే. పెద్ద పడవ ఏ రాత్రి ఎక్కడుందో రెండు రాష్ట్రాల అధికారులూ ఒకే తెర మీద చూసుకుంటే, సాక్షి ఎవరు అన్న ప్రశ్నే ఉండదు.

ఇక వేట నిషేధం సంగతి. ఇది పొరుగు విధానంలో నిజంగా కుదిరిన ముచ్చట. మనకు 2015 నుంచి 61 రోజులు. ఆ కాలంలో ఇల్లు గడవడానికి ఆంధ్రప్రదేశ్ ఇచ్చే భృతి 2019 నుంచి పది వేలు, 2025లో ఇరవై వేలయింది. బంగ్లాదేశ్‌లో మాత్రం నిషేధం మే 20 నుంచి జూలై 23 దాకా 65 రోజులుండేది. అంటే జూన్ 15న మన పడవలు కదిలేసరికి వాళ్లవి ఇంకా ఒడ్డునే. మేం పస్తులుండి పెంచిన చేపను పొరుగు పడవలు పట్టుకుపోతున్నాయని అక్కడి జాలర్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2025లో ఢాకా ప్రభుత్వం తేదీలు మార్చి ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 వరకు, 58 రోజులు చేసింది. అప్పటికి రెండు దేశాల మధ్య రాజకీయంగా మాటలు అంత సజావుగా లేవు. అయినా నిజాంపట్నం, మైపాడు, చిట్టగాంగ్‌లలో ఒకే రోజున పడవలు ఒడ్డెక్కాయి. జాలరి వాదన న్యాయమైనదైతే, దాన్ని వినే అధికారి ఉంటే, ఇంతటి పని కూడా అవుతుంది.

చెన్నైలో పనిచేసే బంగాళాఖాత కార్యక్రమ అంతర్ ప్రభుత్వ సంస్థ గురించి మన తీరంలో తెలిసినవాళ్లు తక్కువ. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పథకంగా 1979లో మొదలై, 2003లో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవుల ఉమ్మడి సంస్థగా మారింది. చిన్న వేటగాళ్ల కోసమే పుట్టిన సంస్థ అది. నెల్లూరు నుంచి అక్కడికి రైల్లో మూడు గంటలు.

కాగితం మీద రాసుకున్న ఒప్పందం ఎంత పని చేస్తుందో చూడడానికి సముద్రం నుంచి కాస్త లోపలికి, కండలేరు జలాశయం దాకా వెళితే చాలు. చెన్నై దాహం తీర్చడానికి 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్లు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. 1983 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం రాసుకున్నాయి. అప్పటి ముఖ్యమంత్రులు ఎన్.టి.రామారావు, ఎం.జి.రామచంద్రన్. ఆవిరి, ఇంకుడు పోను సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు ఇవ్వాలి. శ్రీశైలం నుంచి సోమశిల, అక్కడి నుంచి కండలేరు, అక్కడి నుంచి కాలువ మీదుగా పూండి. మొదటి నీళ్లు తమిళనాడు చేరింది 1996లో. చాలా ఏళ్లలో 12 టీఎంసీలు పూర్తిగా చేరలేదు, పేచీలూ ఉన్నాయి. కానీ ఎంత నీరు, ఎక్కడ కొలవాలి, ఖర్చు ఎవరెంత భరించాలి అన్నది రాసి ఉంది. కాబట్టి తగువు వచ్చినప్పుడు లెక్కల పుస్తకం తీస్తారు. నీళ్ల కోసం నెల్లూరు, చెన్నై జనం కర్రలు పట్టుకుని ఎదురుపడిన రోజు లేదు.

పులికాట్‌లో ఆ పుస్తకం లేదు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రది, దక్షిణపు కొస తమిళనాడుది. 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రాల సరిహద్దులు సర్దుకున్నాక తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చింది. సరస్సు నీళ్ల మీద మాత్రం గీత కనపడదు. ఇటువైపు రాయదొరువు ముఖద్వారం ఇసుక పూడితే సముద్రపు నీరు రాదు, రొయ్యపిల్ల రాదు, ఎండాకాలం నీళ్లు ఉప్పు తేలతాయి. అప్పుడు తడ వైపు జాలరి తమిళనాడులోని పళవేర్కాడు వైపు పడవ తిప్పుతాడు. అక్కడివాళ్లకు తరతరాలుగా పాడు అనే పద్ధతి ఉంది. ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో చీట్లేసుకుని వంతులు పంచుకుంటారు. వంతు లేని పడవ వస్తే ఊరుకోరు. ముఖద్వారం పూడిక తీయడం ఇంజనీర్ల పనిలా కనిపిస్తుంది గాని, అది రెండు రాష్ట్రాల మధ్య శాంతి పని కూడా.

ఏటా ఏప్రిల్ 15 వస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ మర పడవలు ఒడ్డెక్కుతాయి, ఎవరి మీదా ఎవరికీ అప్పటికప్పుడు కోపం ఉండదు, వలలు బాగుచేసుకుంటూ అందరూ ఇళ్ల దగ్గరే ఉంటారు. గొడవ జరిగి పడవలు పట్టుబడ్డాక హడావిడిగా కూర్చునే బదులు, రెండు మత్స్యశాఖల అధికారులు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె, మైపాడు, కడలూరు, కాశిమేడు పెద్దలు ఆ రెండు నెలల్లో ఒకచోట కూర్చోవాలి. తీరం నుంచి ఎంత దూరం, వల కన్ను ఎంత, తెగిన వలకు ఎవరు ఎన్నాళ్లలో ఎంత కట్టాలి అన్న మూడు ప్రశ్నలకు, జూన్ 15న పడవలు మళ్లీ నీళ్లలో దిగేలోపు, రెండు భాషల్లోనూ రాసి సంతకాలు చేసిన జవాబు ప్రతి పాలెంలో అందరికీ కనిపించేలా అంటించాలి.